ఒక్క మార్పు చాలు... చివరిదాకా నిలబడితే!

‘ఓపెన్ సోర్స్‌కి కాంట్రిబ్యూట్ చెయ్యండి, రెజ్యూమెకి బరువొస్తుంది’... బీటెక్ రెండో ఏడాదిలో అడుగుపెట్టినప్పటి నుంచీ సీనియర్లు చెప్పే మాట ఇది. మాటలో తప్పులేదు. అయితే గత రెండు మూడేళ్లలో ఆ ప్రపంచపు గుమ్మం దగ్గర కాపలా బాగా పెరిగింది. ముక్కూమొహం తెలియనివాళ్లు పంపే కోడ్‌ని ముందు అనుమానించి, తర్వాతే చదువుతున్నారు. కొన్నిచోట్ల తీసుకోవడమే మానేశారు. ఎందుకిలా జరిగింది? ఉద్యోగ వేటలో ఉన్న మీరు దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

డేటా సైన్స్ ల్యాబ్‌లో గ్రాఫులు గీసినవాళ్లకి మ్యాట్‌ప్లాట్‌లిబ్ తెలిసే ఉంటుంది. పైథాన్‌లో గ్రాఫు అనగానే గుర్తొచ్చే లైబ్రరీ అది. దాని బాగోగులు చూసేది చాలావరకు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే. 2026 ఫిబ్రవరిలో అక్కడో వింత జరిగింది. ఒక ఫంక్షన్ తీసేసి మరొకటి పెడితే కోడ్ కాస్త వేగంగా నడుస్తుంది... ఇంతే పని. దాన్ని ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ అనే గుర్తు తగిలించి ఉంచారు. తనంతట తానే పనిచేసే ఏఐ ఏజెంట్ ఒకటి వచ్చి ఆ మార్పు చేసి పంపేసింది. ఈ పని కొత్తగా నేర్చుకునే మనుషుల కోసం అట్టిపెట్టామంటూ నిర్వాహకుడొకరు దాన్ని మూసేశారు. ఏజెంట్ ఊరుకోలేదు. ఆయన పక్షపాతం చూపించాడంటూ ఏకంగా ఓ వ్యాసం రాసి నెట్‌లో పెట్టేసింది!

నవ్వుకుని వదిలేసే వార్తలా కనిపిస్తుంది కానీ ఇది నేరుగా మీకు తగిలేదే. ఆ మార్పు చేసుకోవడానికి నిర్వాహకులకు పది నిమిషాలు చాలు. కావాలనే చేయకుండా వదిలేస్తారు. తొలిసారి వచ్చినవాళ్లు కోడ్ దించుకుని, చదివి, మార్చి, పంపి, తప్పులు చెప్పించుకుని, మళ్లీ సరిదిద్దే తతంగమంతా నేర్చుకోవడానికి వేసిన పీట అది. ఇప్పుడా పీట మీద యంత్రాలు కూర్చుంటున్నాయి. పని యంత్రానికి అప్పగించి పేరు మాత్రం తమది పెట్టుకునే మనుషులూ కూర్చుంటున్నారు. నిజంగా నేర్చుకోవాలనుకునే విద్యార్థి నిలబడే ఉండాల్సి వస్తోంది.

టీషర్టు తెచ్చిన తంటా

ఈ రద్దీకి మొదలు ఏఐ కాదు. డిజిటల్‌ఓషన్ అనే క్లౌడ్ సంస్థ 2014 నుంచి ఏటా అక్టోబరులో ‘హ్యాక్టోబర్‌ఫెస్ట్’ నడుపుతోంది. 2020లో దాని నిబంధన చాలా సులువు. నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఉచితం. పుల్ రిక్వెస్ట్ అంటే ‘నేనీ మార్పు చేశాను, పరిశీలించి మీ ప్రాజెక్టులో కలుపుకోండి’ అని పంపే అభ్యర్థన. అది ఎంత తేలికో చూపించడానికి మన దేశంలో లక్షల మంది చూసే ఓ యూట్యూబ్ చానల్ ఒక వీడియో పెట్టింది. రీడ్‌మీ ఫైల్ తెరిచి, ఓ రెండు ముక్కలు చేర్చి, పంపడమే! ఇంకేముంది, సంబంధం ఉన్నా లేకున్నా వేల ప్రాజెక్టుల మీద పనికిరాని అభ్యర్థనలు వచ్చి పడ్డాయి. అక్టోబరు 1న మొదలైన పండగకి 3వ తేదీకల్లా నిబంధనలు మార్చాల్సి వచ్చింది. మాకు ఇష్టమే అని ముందుగా చెప్పిన ప్రాజెక్టులకే పోటీని పరిమితం చేశారు. 2023లో టీషర్టులు తీసేసి డిజిటల్ బ్యాడ్జీలతో సరిపెట్టారు.

ఆన్‌లైన్‌లో మూడొందలు పెడితే వచ్చే టీషర్టు అది.

2024 ప్రారంభంలో ఇలాంటిదే ఇంకొకటి. వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకునే ప్రతి ఒక్కరూ వాడే ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టుకి వరసపెట్టి అభ్యర్థనలు వచ్చాయి. వాటిలో చేసిన మార్పు ఏమిటంటే, రీడ్‌మీ ఫైల్‌లో పంపినవాళ్ల పేరు! మనవాళ్ల కోసం తీసిన ఓ గిట్ పాఠంలో ఆ ప్రాజెక్టునే ఉదాహరణగా చూపించడంతో, చూసినవాళ్లు చూసినట్టే చేశారు. వాళ్లలో దురుద్దేశం ఉన్నవాళ్లు దాదాపు ఎవరూ ఉండరు. హోంవర్కు అనుకున్నారు. అవతలి వైపు మాత్రం జీతం లేకుండా పనిచేసే మనిషి ఒకరు కూర్చుని, వచ్చినవాటిని ఒక్కొక్కటిగా మూసుకుంటూ పోయారు.

ఇలాంటి ఘటనల్లో మన దేశం పేరు పదేపదే వినిపించడం బాధాకరమే కానీ దానికి మన సంఖ్య కూడా ఓ కారణం. గిట్‌హబ్ 2025 నివేదిక ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే భారత్ నుంచి 50 లక్షలకు పైగా కొత్త డెవలపర్లు చేరారు. మరే దేశం నుంచీ అంతమంది రాలేదు. ఇంత పెద్ద గుంపులో నూటికి ఒకరు తొందరపడినా అది వేలల్లో ఉంటుంది. దాని ఫలితం మాత్రం మిగతా తొంభై తొమ్మిది మందీ పడాలి.

బహుమతి ఎత్తేసిన కర్ల్

ఏఐ వచ్చాక గుంపు వేగం పెరిగింది. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ కర్ల్. ఇంటర్నెట్‌లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి డేటా తెచ్చే చిన్న ప్రోగ్రామ్. మీ ఫోన్‌లో, టీవీలో, కార్లలో, సర్వర్లలో కనిపించకుండా పనిచేస్తూ ఉంటుంది. స్వీడన్‌కి చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ దీన్ని పాతికేళ్లకు పైగా నడిపిస్తున్నారు. భద్రతా లోపం కనిపెట్టి చెప్పినవాళ్లకి 2019 నుంచి డబ్బు బహుమతి ఇచ్చేవారు. ఏఐతో తయారుచేసిన నివేదికలు వచ్చిపడటంతో సీన్ మారిపోయింది. పేరాలకు పేరాలు, చక్కటి ఇంగ్లిషు, కోడ్‌లో లేనే లేని ఫంక్షన్ల ప్రస్తావన! 2025లో వచ్చినవాటిలో నిజమైన లోపాన్ని పట్టుకున్నవి దాదాపు 5 శాతమేనని స్టెన్‌బర్గ్ రాశారు. మిగతావి అబద్ధమని తేల్చడానికి కూడా ఒక్కోదానికి గంటల సమయం పోయేది. చివరికి 2026 జనవరితో ఆ డబ్బు బహుమతులు ఆపేశారు.

ఇక్కడ ఆగిపోతే కథ సగమే. అదే కర్ల్‌కి 2025 సెప్టెంబరులో ఓ భద్రతా పరిశోధకుడు ఏఐ పరికరాలతోనే వెతికి పట్టిన లోపాల జాబితా పంపారు. స్టెన్‌బర్గ్ దాన్ని బాహాటంగా మెచ్చుకున్నారు. దాని ఆధారంగా 50 దాకా సవరణలు జరిగాయి. మొదటి రకంవాళ్లూ ఏఐనే వాడారు, ఈయనా ఏఐనే వాడారు. తేడా ఎక్కడుందంటే, పంపే ముందు ఈయనకి తను పంపుతున్నదేమిటో తెలుసు.

ఇంకో భయం కూడా ఉంది

ఎక్స్‌జెడ్ అనే పేరు విన్నారా? లినక్స్ కంప్యూటర్లలో ఫైళ్లను కుదించే చిన్న సాధనం. ఒకే ఒక్క మనిషి అలసిపోతూ నడుపుకొస్తున్న ప్రాజెక్టు. 2021 నుంచి ‘జియా టాన్’ అనే పేరుతో ఎవరో వచ్చి ఓపిగ్గా మంచి ప్యాచ్‌లు పంపారు, నమ్మకం సంపాదించారు, చివరికి సహ నిర్వాహకుడయ్యారు. 2024లో అందులో దొంగ దారి తెరిచే కోడ్ దాచిపెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరుకి తన కంప్యూటర్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానం రావడం వల్ల 2024 మార్చి చివర్లో అది బయటపడింది. లేకపోతే ప్రపంచంలో ఎన్నో సర్వర్ల తాళంచెవి ఎవరి చేతికో చిక్కేది.

ఇది ఎందుకు చెబుతున్నామంటే... మీ మొదటి ప్యాచ్‌కి ఎవరైనా పది ప్రశ్నలు వేస్తే, ‘కొత్తవాడినని చిన్నచూపు’ అనుకోకండి. వాళ్లు చూసినవి అలాంటివి. 2021లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగం పేరుతో లినక్స్ కెర్నెల్‌కి కావాలనే లోపాలున్న ప్యాచ్‌లు పంపిన సంగతి బయటపడ్డాక, ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే మార్పులు వేటినీ తీసుకోబోమని ప్రకటించారు. ఇద్దరు ముగ్గురు చేసిన పనికి యూనివర్సిటీ మొత్తం నిషేధంలో పడింది. కాలేజీ మెయిల్ ఐడీతో పంపేటప్పుడు ఇది గుర్తుంటే మంచిది.

కాపలా ఇప్పుడు నిబంధనల రూపం తీసుకుంది. జెంటూ లినక్స్ 2024 ఏప్రిల్‌లో, నెట్‌బీఎస్‌డీ ఆ మరుసటి నెలలో ఏఐ రాసిన కోడ్ వద్దన్నాయి. 2025లో క్యూఈఎంయూ కూడా అదే దారి పట్టింది. ఫెడోరా మాత్రం 2025 అక్టోబరులో వేరే రకంగా ఆలోచించింది. ఏఐ సాయం తీసుకోవచ్చు, అయితే ఆ సంగతి చెప్పాలి, పూచీ మాత్రం పూర్తిగా పంపినవాళ్లదే. 2026 ఫిబ్రవరిలో గిట్‌హబ్ కూడా బయటివాళ్ల నుంచి పుల్ రిక్వెస్టులు రాకుండా ఆపేసుకునే వీలు ప్రాజెక్టులకి కల్పించింది. ‘ఎవరైనా రావచ్చు’ అన్న మాట మీదే పుట్టిన చోట ఈ మీట పెట్టాల్సి రావడం చిన్న విషయం కాదు.

లింకు తెరిస్తే ఏం కనిపిస్తుంది?

ఇక మీ సంగతికి వద్దాం. ప్రాంగణ నియామకాలు తగ్గినప్పుడల్లా విద్యార్థులు ‘రుజువు’ కోసం పరిగెత్తుతారు. డబ్బు కడితే వచ్చే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు, అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరికే ఫైనలియర్ ప్రాజెక్టులు అలా పుట్టినవే. వాటితో చిక్కేంటంటే, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే గాలి తీసేయొచ్చు. ఓపెన్ సోర్స్ పనికి ఇన్నాళ్లూ విలువ ఉన్నది అది కొనుక్కోలేనిది కాబట్టే. ఎవరో బయటి మనిషి, మీతో ఏ మొహమాటమూ లేని మనిషి, మీ కోడ్ చదివి ‘సరే, కలుపుతున్నాం’ అన్నారు. ఆ మాటకే విలువ.

గిట్‌హబ్ ప్రొఫైల్‌లో రోజుకో పచ్చ గడి నింపడం, నెలకు యాభై పుల్ రిక్వెస్టులు పంపడం లాంటివి ఆ విలువని పెంచవు. పచ్చ గళ్లు నింపే స్క్రిప్టులు కూడా ఉన్నాయని ఇంటర్వ్యూ చేసే ఇంజినీరుకి తెలుసు. ఆయన మీ రెజ్యూమెలోని లింకు తెరిచారనుకోండి. అక్కడ మీరు రాసిన కోడ్ ఒక్కటే ఉండదు, దాని కింద జరిగిన సంభాషణ మొత్తం ఉంటుంది. నిర్వాహకుడు ‘ఇలా ఎందుకు చేశారు?’ అని అడిగితే మీరేం చెప్పారు, తప్పు చూపిస్తే ఎలా తీసుకున్నారు, వారం తర్వాత వచ్చి సరిచేశారా, మధ్యలో మాయమయ్యారా... అన్నీ తేదీలతో సహా. ఆఫీసులో మీతో పనిచేస్తే ఎలా ఉంటుందో చూపించే ట్రైలర్ అది. ఏఐకి ప్రశ్న ఇచ్చి, వచ్చిన జవాబుని అలాగే అతికించిన సంభాషణ ఎలా ఉంటుందో కూడా చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. మూసేసిన చెత్త అభ్యర్థనలు కూడా మీ పేరు మీదే అక్కడే పడి ఉంటాయి.

అందుకే మా సలహా ఒక్కటే. ఫైనలియర్ పూర్తయ్యేలోగా ఒక ప్రాజెక్టు ఎంచుకుని, ఒక నిజమైన సమస్య తీసుకుని, అది కోడ్‌లో కలిసేదాకా దాని వెంట ఉండండి. కుదిరితే అదే ప్రాజెక్టులో రెండోది, మూడోది. పది ప్రాజెక్టుల్లో పది అక్షర దోషాలు దిద్దినదానికంటే ఇది పదింతలు మేలు.

మీ పేరులోనే ఒక బగ్ ఉండొచ్చు

‘నాకు తెలిసిన కోడింగ్‌తో ఏం దొరుకుతుంది?’ అనేది అందరి సందేహం. మీకు తెలిసి, నిర్వాహకులకు తెలియని విషయం ఒకటుంది. తెలుగు.

‘లక్ష్మి’ అన్న పేరు తీసుకోండి. ఎన్ని అక్షరాలు? రెండు. ల, క్ష్మి. ఇదే పేరు పొడవెంతో పైథాన్‌నో జావాస్క్రిప్ట్‌నో అడగండి. 7 అంటుంది. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి... ఇలా విడివిడిగా లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8లో దాచితే ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 21 బైట్లు. ఇప్పుడు ఏదో యాప్‌లో పేరు చోటుకి సరిపోకపోతే ‘మొదటి 5 అక్షరాలు చూపించు’ అని కోడ్ రాసి ఉందనుకోండి. తెర మీద ‘లక్ష్’ అని కనిపిస్తుంది. రాసినవాళ్లు ఇంగ్లిషు పేర్లతో పరీక్షించి ఉంటారు కాబట్టి వాళ్లకి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

చదివేవాళ్ల కంటికి ఒక అక్షరంగా కనిపించేదాన్ని యూనికోడ్ పరిభాషలో గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు. విచిత్రమేంటంటే, 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 దాకా ఈ ప్రామాణిక నియమం కూడా మన సంయుక్తాక్షరాల్ని ముక్కలు చేసేది. పాత నియమం ప్రకారం ‘లక్ష్మి’ నాలుగు ముక్కలు. 15.1లో తెలుగు సహా కొన్ని భారతీయ లిపులకు కొత్త నియమం చేర్చాక రెండయ్యింది. పాత నియమం మీదే నడుస్తున్న లైబ్రరీలు ఎక్కడైనా తగలొచ్చు. అలాంటి ఒక్కటి కనిపెట్టి, టెస్టు రాసి, సరిచేస్తే... అది రీడ్‌మీలో పేరు రాసుకోవడం లాంటిది కాదు కదా!

ఇంకో ఉదాహరణ. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ‘ట్’ తర్వాత వకార ఒత్తు రాకుండా ఆపడానికి కంటికి కనిపించని ఓ గుర్తు వాడతాం. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఒకరు ఆ గుర్తుతో టైప్ చేస్తారు, ఇంకొకరు లేకుండా. ఒక రూపంతో వెతికితే రెండో రూపం దొరకదు. మీరు వాడే నోట్స్ యాప్‌లోనో, లైబ్రరీ క్యాటలాగ్ సాఫ్ట్‌వేర్‌లోనో ప్రయత్నించి చూడండి. తెలుగు లిపి సాంకేతికంగా ఎంత చిక్కైందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. తెలుగులో ఒకే ఒక్క సంయుక్తాక్షరం మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ హడావుడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేయాల్సి వచ్చింది. ఆ కోడ్ బయటివాళ్లు ముట్టుకోలేనిది. ఓపెన్ సోర్స్‌లో అయితే అలాంటిది మీరే సరిచేయొచ్చు.

తెలుగుతోనే మొదలుపెట్టాలని నియమమేమీ లేదు. మీరు రోజూ వాడేదీ, మీకు చిరాకు తెప్పించేదీ ఏదైనా సరే. వాడని ప్రాజెక్టుకి ప్యాచ్ రాయడం, చూడని ఊరికి దారి చెప్పడం లాంటిది. ల్యాప్‌టాప్ శక్తిని కూడా లెక్కలోకి తీసుకోండి. క్రోమియం లాంటి బ్రౌజర్‌ని మీ దగ్గర బిల్డ్ చేయాలంటే 100 జీబీ ఖాళీ స్థలం కావాలి, 8 జీబీ ర్యామ్‌తో నరకం కనిపిస్తుంది. పైథాన్, జావాస్క్రిప్ట్ లైబ్రరీలతో ఆ బాధ ఉండదు.

ప్యాచ్ ప్రయాణం ఎలా సాగుతుంది?

గిట్ కమాండ్లు ఎక్కడైనా నేర్చుకోవచ్చు, అవి పెద్ద సంగతి కాదు. ఫోర్క్ చేసుకోవడం, బ్రాంచ్ తెరవడం, కమిట్ చేయడం వారంలో వచ్చేస్తాయి. ఎక్కువమంది తడబడేది వాటికి ముందూ వెనకా.

ముందుగా ప్రాజెక్టులో ‘కాంట్రిబ్యూటింగ్’ అనే పేరుతో ఉండే ఫైల్ చదవండి. ఏఐ గురించిన నిబంధన కూడా ఈమధ్య అందులోనే ఉంటోంది. తర్వాత సమస్యని మీ కంప్యూటర్‌లో మళ్లీ పుట్టించండి. ఇది జరగకుండా కోడ్ ముట్టుకోవద్దు. చాలా ప్యాచ్‌లు తిరస్కరణకు గురయ్యేది ఇక్కడే. సమస్య నిజంగా ఉందో లేదో చూడకుండానే పరిష్కారం రాసేస్తారు. ఇప్పుడున్న కోడ్ మీద విఫలమయ్యే ఒక టెస్టు రాయండి. ‘లక్ష్మి’ని కుదిస్తే ‘ల’ రావాలి, ‘లక్’ రాకూడదు... ఇలాంటిది. ఆ టెస్టు నెగ్గేలా కోడ్ మార్చండి. ఎంత చిన్న మార్పయితే అంత మంచిది. పనిలో పనిగా పక్క ఫైల్‌లో ఖాళీలు సర్దడం, వేరియబుల్ పేర్లు అందంగా మార్చడం లాంటివి చేశారో, చదివేవాళ్లకి అసలు మార్పు ఏదో వెతుక్కోవాల్సి వస్తుంది.

మీ మార్పుతో పాటు రాసే వివరణలో మూడు సంగతులుంటే చాలు. ఏం జరుగుతోంది, ఎందుకు జరుగుతోంది, మీరేం మార్చారు. ఇంగ్లిషు గురించి బెంగపడేవాళ్లకి ఒక మాట. కర్ల్ నడిపే స్టెన్‌బర్గ్‌కి ఇంగ్లిషు మాతృభాష కాదు. లినక్స్ సృష్టించిన ఫిన్లాండ్ దేశస్థుడు లైనస్ టోర్వాల్డ్స్‌కీ కాదు. తప్పులున్నా సరే మీరు సొంతంగా రాసిన ఐదు వాక్యాలు, చాట్‌బాట్ రాసిన ఐదు పేరాల కంటే ఎక్కువ మర్యాద పొందుతాయి.

కొన్ని ప్రాజెక్టులు కమిట్ చివర ‘సైన్డ్ ఆఫ్ బై’ అంటూ మీ పేరు పెట్టమంటాయి. లినక్స్‌లో 2004 నుంచి ఉన్న పద్ధతి ఇది. అలంకారం అనుకోకండి, అదొక హామీ. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని మీరు రాతపూర్వకంగా చెబుతున్నారు. ఇంటర్న్‌షిప్ చేసిన కంపెనీ కోడ్ ముక్కని తెచ్చి అందులో పెట్టారంటే అబద్ధపు హామీ ఇచ్చినట్టే.

ఆ తర్వాత నిరీక్షణ. మన పిల్లలకి ఎక్కువ కష్టంగా అనిపించేది ఇదేనేమో. పంపిన అరగంటకే ‘ప్లీజ్ మెర్జ్ సర్’ అని రాసేవాళ్లు బోలెడుమంది. ఆ ‘సర్’ కూడా అవసరం లేదు, అక్కడ అందరూ పేర్లతోనే పిలుచుకుంటారు. స్పందన లేకపోతే కనీసం వారం ఆగమని లినక్స్ కెర్నెల్ నియమావళే చెబుతుంది. ఆ పైన ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయొచ్చు. సవరణలు అడిగితే చేసి పంపండి. వాళ్లు చెప్పింది తప్పనిపిస్తే, కారణంతో సహా చెప్పండి. ఒప్పుకొంటారు కూడా. చివరికి తిరస్కరించినా ఆ పని వృథా పోదు. ఎందుకు వద్దన్నారో అర్థం చేసుకుని వివరించగలిగితే ఇంటర్వ్యూలో అదే మంచి కథ.

తలుపులు మూసుకుంటున్నాయన్న మాట ఎంత నిజమో, ఇదీ అంతే నిజం. తొమ్మిది పది వారాలకోసారి వచ్చే లినక్స్ కెర్నెల్ ఒక్కో వెర్షన్‌లో సుమారు 2,000 మంది కోడ్ ఉంటుంది. అందులో 200 మందికి పైగా తొలిసారి పంపినవాళ్లే.

ఏఐని పూర్తిగా పక్కన పెట్టాలా? ప్రాజెక్టు వద్దంటే వద్దు, వాదన లేదు. వద్దనకపోతే, తెలియని కోడ్‌ని అర్థం చేసుకోవడానికి, ఏ ఫైల్‌లో వెతకాలో తెలుసుకోవడానికి వాడుకోండి. వాడిన సంగతి దాచొద్దు. ఒక కొలమానం పెట్టుకోండి. మీ ప్యాచ్‌లో ఏ వరస మీద వేలుపెట్టి అడిగినా, స్క్రీన్ చూడకుండా ఎందుకుందో చెప్పగలరా? చెప్పలేని వరస ఒక్కటున్నా పంపకండి. ఇంటర్వ్యూలో అడిగేదీ సరిగ్గా అదే వరస.

రెజ్యూమెలో ఎలా రాయాలి?

‘ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూటర్’ అన్న రెండు మాటలతో వదిలేస్తే ఉపయోగం లేదు. ప్రాజెక్టు పేరు, సమస్య ఏమిటి, మీరు ఏం మార్చారు, ఏ వెర్షన్‌లో విడుదలైంది, లింకు. రెండు వరసలు చాలు. ఇంకా కలపకపోతే ‘పరిశీలనలో ఉంది’ అని నిజం రాయండి. లింకు నొక్కితే తెలిసిపోయే విషయంలో అతిశయోక్తులు అనవసరం.

నేర్చుకుంటూ సంపాదించే దారులు రెండున్నాయి. 2005లో మొదలైన గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2022 నుంచి విద్యార్థులకే కాకుండా 18 ఏళ్లు నిండిన, ఓపెన్ సోర్స్‌కి కొత్తయిన అందరికీ తెరిచారు. ప్రాజెక్టులు 90, 175, 350 గంటల పరిమాణాల్లో ఉంటాయి. స్టైపెండ్ దేశాన్ని బట్టి మారుతుంది. కనీసం చిన్న ప్రాజెక్టుకి 750 డాలర్లు, పెద్దదానికి 3,000 డాలర్లు. పోటీ గట్టిదే. 2025లో 15 వేల మందికి పైగా దరఖాస్తు చేస్తే 1,280 మందిని తీసుకున్నారు. ప్రతిపాదన పత్రం ఎంత అందంగా ఉన్నా, దరఖాస్తుకి ముందే ఆ ప్రాజెక్టులో పనిచేసి పేరు తెలిసినవాళ్లదే పైచేయి. రెండోది ఔట్‌రీచీ. తమ దేశంలో సాంకేతిక రంగంలో వివక్షకో, తక్కువ ప్రాతినిధ్యానికో గురైనవాళ్ల కోసం నడిచే ఈ కార్యక్రమంలో మూడు నెలలకు 7,000 డాలర్లు ఇస్తారు. ఇందులో ఎంపిక పరీక్షే ఒక నెలపాటు కోడ్ పంపడం. మన అమ్మాయిలు దీన్ని ఇంకా ఎక్కువగా వాడుకోవాలి.

ఒంటరిగా మొదలుపెట్టడం కష్టమనిపిస్తే హైదరాబాద్‌లో పైథాన్ డెవలపర్ల బృందం హైడ్‌పై, ఫాస్ యునైటెడ్ నగర విభాగం సమావేశాలు పెడుతుంటాయి. స్వేచ్ఛ సంస్థ ఏళ్లుగా కాలేజీల్లో విద్యార్థి బృందాలతో పనిచేస్తోంది, తెలుగు స్థానికీకరణలో దానికి మంచి అనుభవముంది. జిల్లాల్లో ఉన్నవాళ్లకి ఇవేవీ దగ్గర్లో లేకపోయినా నష్టం లేదు. ప్రాజెక్టుల చర్చలన్నీ నెట్‌లోనే, అందరికీ కనబడేలా జరుగుతాయి. నెల రోజులు ఊరికే చదువుతూ కూర్చున్నా చాలా బోధపడుతుంది.

సమయం లెక్క కూడా చూసుకోండి. సమ్మర్ ఆఫ్ కోడ్ సంస్థల జాబితా మామూలుగా ఫిబ్రవరిలో వస్తుంది, దరఖాస్తులు మార్చిలో మొదలవుతాయి. జాబితా వచ్చాక పరిగెత్తేవాళ్లతో ఆ నెలన్నరా ప్రాజెక్టులన్నీ కిటకిటలాడతాయి. గత రెండు మూడేళ్ల జాబితాల్లో పదేపదే కనిపించే సంస్థల నుంచి ఒకటి ఎంచుకుని దసరా సెలవుల్లోపు మొదటి ప్యాచ్ పంపగలిగితే, ఫిబ్రవరి నాటికి అక్కడి నిర్వాహకులకు మీరు కొత్త ముఖం కారు. ఔట్‌రీచీ డిసెంబరు విడతకి తొలి దరఖాస్తులు సాధారణంగా ఆగస్టులో, మే విడతకి జనవరిలో తీసుకుంటారు.